అదను చూసుకుని దేవుని దగ్గర కూర్చోవడం: తీరిక లేనివారికి ఒక ఆత్మీయ మార్గదర్శి

"ప్రార్థన చేసుకోవాలని ఉంటుంది గానీ టైమే దొరకడం లేదు." ఈ మాట నేను చాలా ఏళ్లు అన్నాను. అబద్ధమేమీ కాదు. తెల్లారి లేచింది మొదలు టిఫిన్లు, క్యారేజీలు, పిల్లల స్కూల్ ఆటో, ఆ తర్వాత నా బస్సు. సాయంత్రం ఇల్లు చేరేసరికి మళ్లీ వంట. రాత్రి పదిన్నరకు మోకరించి మంచం అంచుకు తల ఆనించగానే నిద్ర పట్టేసేది. ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు చేతికి రాగానే, ఈ ఏడాది రోజూ గంట ప్రార్థన, బైబిలు మొత్తం పూర్తి అని తీర్మానం చేసుకునేదాన్ని. సంక్రాంతి సెలవులతో పాటే ఆ తీర్మానమూ అయిపోయేది.

నా ఆలోచన మారింది ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం దగ్గర. "దినములు చెడ్డవి గనుక, మీరు సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు" అనే మాట సండే స్కూల్ రోజుల నుంచి వింటున్నదే. కానీ ఆ ఉత్తరం ఎవరు రాశారు, ఎవరు విన్నారు అని ఒకరోజు ఆగి చూశాను. రాసిన పౌలు సంకెళ్లలో ఉన్నాడు. విన్నవాళ్లలో దాసులు ఉన్నారు. ఆరో అధ్యాయంలో "దాసులారా" అని వాళ్లనే పిలిచి మాట్లాడాడు. దాసుడి రోజులో ఒక్క గంట కూడా అతనిది కాదు. అలాంటివాళ్లకు కూడా చెప్పిన మాట అది. తీరిగ్గా ఉన్నవాళ్ల కోసం రాసిన సలహా కాదు.

ఇంకో సంగతి. అక్కడ "సమయము" అన్నచోట గ్రీకులో ఉన్న మాట కైరోస్. గడిచిపోయే కాలానికి వాళ్లకు క్రోనోస్ అని వేరే మాట ఉంది. కైరోస్ అంటే పనికి తగిన సమయం. దానికి సరిపోయే తెలుగు మాట మన రైతుల దగ్గర ఎప్పటినుంచో ఉంది: అదను. వాన పడి నేల పదునుగా ఉన్నప్పుడే విత్తాలి. అదను దాటాక ఎంత చాకిరీ చేసినా ఆ పంట రాదు. "సద్వినియోగము చేసికొనుచు" అన్న క్రియకేమో మూలంలో వెల ఇచ్చి కొనడం, విడిపించడం అనే అర్థం ఉంది. అంటే పౌలు మనల్ని గంటలు పెంచమని అడగడం లేదు. రోజులో అదను ఎక్కడుందో కనిపెట్టి, దాన్ని వెల ఇచ్చి కొనుక్కోమంటున్నాడు. కింద చెప్పే పద్ధతంతా ఈ రెండు పనుల గురించే.

మొదటి మెట్టు: ఒక వారం లెక్క రాయండి

వారానికి 168 గంటలు. అవి ఎటు పోతున్నాయో మనకు తెలుసనుకుంటాం గానీ రాసి చూస్తే తప్ప తెలియదు. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, అప్పటిదాకా ఏం చేశారో గుర్తు తెచ్చుకుని రెండు మూడు లైన్లు రాయండి. ఫోన్ లెక్క ఫోనే చెబుతుంది: ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్. ఆ అంకె చూసి బాధపడకండి, రాసుకోండి చాలు. ఈ వారం ఏ అలవాటూ మార్చొద్దు. మారిస్తే లెక్క తప్పుతుంది.

ఏడో రోజు ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని 90వ కీర్తన చదవండి. అది మోషే ప్రార్థన. "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని అడిగినవాడు లక్షల మందిని నడిపించిన మనిషి, మన కంటే తీరిక లేనివాడు. ఆ ప్రార్థన చేసి, లెక్కలో ఖాళీ సమయం కోసం కాకుండా పదునున్న సమయం కోసం వెదకండి. ఏ వేళలో మీ మనసు తేటగా ఉంటుంది? ఏ వేళలో మిమ్మల్ని ఎవరూ పిలవరు?

నా లెక్కలో రెండు బయటపడ్డాయి. పిల్లల ఆటో వెళ్లాక నా బస్సుకు బయలుదేరే లోపు ఇరవై నిమిషాలు. ఆ తర్వాత బస్సులో నలభై నిమిషాలు. మొదటిది గిన్నెలు సర్దడంలోనూ, రెండోది ఫోన్ చూడటంలోనూ పోతున్నాయి. అప్పటిదాకా నేను దేవునికి ఇస్తూ వచ్చిన రాత్రి పదిన్నర, నా రోజంతటిలో బొత్తిగా పదును లేని నేల.

రెండో మెట్టు: పావుగంట, ఒకే వేళ, ఒకే చోటు

వేకువజామునే లేవాలి, లేకపోతే అది ప్రార్థనే కాదు అని మనలో చాలామందికి ఒక భయం ఉంది. యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35 చెబుతుంది. నిజమే. కానీ జనసమూహాన్ని పంపేశాక సాయంకాలం వేళ కొండకు వెళ్లాడని అదే మార్కు ఆరో అధ్యాయంలో ఉంది. పన్నెండుగురిని ఏర్పరచుకునే ముందు రాత్రంతా ప్రార్థించాడని లూకా రాశాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. పేతురు మధ్యాహ్నం పన్నెండింటికి మిద్దె ఎక్కి ప్రార్థించాడు. వేకువ మంచిదే, చాలామందికి అదే అదను కూడా. అమెరికా వాళ్ల వేళలకు పనిచేసి హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఇల్లు చేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మాత్రం కాదు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లకు ఆదివారం పనిరోజే. అందుకే అక్కడ చాలా సంఘాలు శుక్రవారం ఆరాధన పెట్టుకుంటాయి. దేవుడు ఆ శుక్రవారాన్నీ, మీకు ఏ వేళ కుదిరినా ఆ పావుగంటనూ తక్కువగా చూడడు.

ఆ వేళను రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడివేయండి. "ఆటో వెళ్లగానే", "టీ తాగగానే", "షిఫ్ట్ నుంచి వచ్చి స్నానం అవగానే". గడియారం కన్నా ఈ ముడి గట్టిది. ఒక కుర్చీ, లేదా గదిలో ఒక మూల. బైబిలు, నోట్‌బుక్, పెన్ను అక్కడే ఉండాలి, వెతుక్కోవడానికే ఐదు నిమిషాలు పోకూడదు. ఫోన్ పక్కగదిలో. ముద్రించిన బైబిలు ఉంటే అదే వాడండి. ఫోన్‌లో చదవడం మొదలుపెడితే మెసేజ్ మోగకుండా ఒక అధ్యాయం పూర్తవడం కష్టం.

గంట ఎందుకు వద్దంటున్నానంటే, మనం గంట అనుకున్న రోజు గంట దొరకదు, దొరకలేదని ఆ రోజు అసలు కూర్చోం. పావుగంట అయితే తప్పించుకోవడానికి సాకు ఉండదు. కొన్నాళ్లకు అది దానంతట అదే ఇరవై, ముప్పై అవుతుంది. నాకు అయింది, తొందరపడకుండా ఉన్నందుకే అయింది.

వెల సంగతి కూడా చెప్పాలి. నా పావుగంట వెల, సింక్‌లో కడగకుండా వదిలేసిన గిన్నెలు. సాయంత్రం వచ్చి కడుక్కుంటాను. మొదట్లో మనసు అటే లాగేది. మా ఆయనతో ముందే చెప్పుకున్నాను: "ఆ పదిహేను నిమిషాలు నన్ను పిలవకండి, ఏ పనున్నా తర్వాత చూస్తాను." మీ వెల ఒక సీరియల్ కావచ్చు, క్రికెట్ ముచ్చట్లు కావచ్చు. ఏమిటో ముందే తేల్చుకోండి.

మూడో మెట్టు: ఆ పావుగంటలో ఏం చేయాలి

ఇక్కడే చాలామంది తడబడతారు. కూర్చుంటారు, ఏం చేయాలో తెలియక బైబిలు తెరిచి ఏ పేజీ వస్తే అది చదువుతారు. అందుకని ఒక రోజు పావుగంటను పూర్తిగా చూపిస్తాను. ఆ రోజు భాగం మార్కు 1:29–39 అనుకోండి.

మొదటి రెండు నిమిషాలు మౌనం. "ప్రభువా, వచ్చాను" అని చెప్పి ఊరికే కూర్చోండి. సరిగ్గా అప్పుడే గ్యాస్ బుక్ చేయలేదని, ఫీజు కట్టలేదని గుర్తుకొస్తుంది. దాన్ని పక్క కాగితం మీద రాసేయండి. రాశాక అది మిమ్మల్ని వదిలేస్తుంది.

తర్వాత ఆరు నిమిషాలు చదవడం. పదకొండు వచనాలే. రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి చదవండి. మన పాత తెలుగు బైబిలు భాష కళ్లతో పరుగెత్తితే బరువుగా ఉంటుంది, నోటితో చదివితే సాఫీగా సాగుతుంది. చదువుతూ జరిగింది జరిగినట్టు చూడండి. సీమోను అత్త జ్వరం, సాయంకాలం తలుపు దగ్గర పోగైన పట్టణం, చీకట్లోనే లేచి వెళ్లిపోయిన యేసు, వెదుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్న శిష్యులు. అప్పుడు యేసు ఏం చేశాడు? వెనక్కి వెళ్లలేదు. పక్క ఊళ్లకు పోదాం రండి అన్నాడు. కపెర్నహూములో ఇంకా రోగులు లేరా? ఉండే ఉంటారు. తండ్రితో గడిపి వచ్చినవాడికి ఆ రోజు ఏది తన పని, ఏది కాదు అన్నది తేటగా తెలిసింది. పని ఒత్తిడిలో నలిగే మనిషికి ఈ ఒక్క సంగతి చాలు, వారం రోజులు నమలడానికి.

ఐదు నిమిషాలు ప్రార్థన, చదివినదాని లోంచే. "ప్రభువా, అందరూ నన్ను వెదుకుతున్నారు. ఈ రోజు నేను ఎవరి దగ్గరకు వెళ్లాలో చూపించు" అనేది చాలా నిజమైన ప్రార్థన. వినసొంపుగా ఉండాలని ప్రయత్నించకండి, వినేది మీ తండ్రి. తర్వాత ఆ రోజు వంతు విజ్ఞాపనలు, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థనలు; వాటి సంగతి ఐదో మెట్టులో చెబుతాను.

చివరి రెండు నిమిషాల్లో తేదీ వేసి ఒక్క వాక్యం రాయండి. నేను ఈ భాగం చదివిన రోజు రాసుకున్నది: "ఆయన కూడా అందరికీ దొరకలేదు."

నాలుగో మెట్టు: చదవడానికి ఒక వరుస

జనవరి 1న ఆదికాండముతో మొదలుపెట్టి ఫిబ్రవరిలో లేవీయకాండము దగ్గర ఆగిపోయినవాళ్లకు నా మాట ఇది. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్క అధ్యాయం చదివితే సరిగ్గా 52 వారాలు. శనివారం ఒక కీర్తన, ఆదివారం సంఘంలో చదివిన వాక్యభాగం. మార్కుతో మొదలుపెట్టండి, పదహారే అధ్యాయాలు, కథ వేగంగా సాగుతుంది. అధ్యాయం పొడవైతే మొత్తం ఒకసారి చదివి, ధ్యానానికి పది వచనాలే ఎంచుకోండి.

66 పుస్తకాల బైబిలులో మొత్తం 1,189 అధ్యాయాలు, కాబట్టి ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, నాలుగు చదవాలి. స్కాట్లాండ్‌లోని డండీలో పాస్టరుగా ఉన్న రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసిన పట్టిక అలాంటిదే, రోజుకు నాలుగు భాగాలు. నేటికీ ఎంతోమంది వాడుతున్నారు. ఆయన ఆ మరుసటి ఏడాదే, 29 ఏళ్లకే చనిపోయాడు. ఆ పట్టిక చూసినప్పుడల్లా నాకు 90వ కీర్తనే గుర్తొస్తుంది. పరుగు తీయగల స్థితిలో మీరుంటే తప్పక ప్రయత్నించండి. లేకపోతే వినండి. తెలుగు ఆడియో బైబిలు ఫోన్లో ఉచితంగానే దొరుకుతుంది. ఫిలిప్పీ పత్రిక నాలుగే అధ్యాయాలు, ఒక బస్సు ప్రయాణంలో మొత్తం వినేయొచ్చు. ఉత్తరాన్ని ఉత్తరంలా ఒక్క బిగిన వింటే అందులోని స్వరం తెలుస్తుంది.

ఐదో మెట్టు: విజ్ఞాపనలను వారానికి పంచండి

"మా కోసం ప్రార్థన చేయండి" అని ఎవరో అడుగుతారు, "తప్పకుండా" అంటాం, మర్చిపోతాం. నన్ను బాగా కుమిలిపోయేలా చేసింది ఇదే. ఒకావిడ ఆపరేషన్ అయ్యాక వచ్చి నా ప్రార్థనకు వందనాలు చెప్పింది. నేను ఒక్కసారి కూడా చేయలేదు. అప్పటి నుంచి ఎవరడిగినా అక్కడే నిలబడి, చేయి పట్టుకుని అర నిమిషం ప్రార్థన చేసేస్తున్నాను. ఆ తర్వాతే నోట్‌బుక్‌లో రాస్తాను.

నోట్‌బుక్‌లో వారానికో పేజీ కాదు, ప్రతి రోజుకూ ఒక పేజీ. సోమవారం కుటుంబం, మంగళవారం ఆఫీసులో వాళ్లు, బుధవారం రోగులు, గురువారం సంఘం, దైవసేవకులు, శుక్రవారం రక్షణ కోసం ఎదురుచూస్తున్న బంధువులు, శనివారం దేశం, పరిపాలకులు. ఇలా పంచితే రోజుకు ఐదారు పేర్లే వస్తాయి, పేరు పేరునా ఆగి అడగొచ్చు. జవాబు వచ్చిన రోజు తేదీ వేయండి.

ఆరో మెట్టు: పనిలోనే ప్రార్థన

నెహెమ్యా చేతిలో ద్రాక్షారసపు గిన్నె, ఎదురుగా రాజు. "ఏమి కావలెను" అని రాజు అడిగాడు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య నెహెమ్యా ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడని రాసుంది. ఎంతసేపు? ఒక ఊపిరి పట్టేంత సేపు. కానీ ఆ ఊపిరి వెనుక మొదటి అధ్యాయంలోని ఉపవాసం, కన్నీళ్లు ఉన్నాయి. పావుగంట ఉంటేనే ఈ ఒక్క క్షణం ప్రార్థనకు బలం వస్తుంది. అందుకే రెండూ కావాలి.

నేను చేసేవి చెబుతాను. ఫోన్ మోగితే ఎత్తే ముందు ఆ మనిషి పేరు దేవుని ముందు అంటాను. అన్నం ఉడికే లోపు పొయ్యి పక్క గోడకు అంటించిన వచనం చదువుకుంటాను, వారానికొకటి. బట్టలు మడతపెట్టేటప్పుడు ఎవరి బట్టలైతే వాళ్ల కోసం. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ అనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో వంటవాడిగా పనిచేసిన బ్రదర్ లారెన్స్ గిన్నెల చప్పుడు మధ్యే దేవుని సన్నిధిని అభ్యసించాడు. పండితుడు కాదు, మొదట సైనికుడు, కాలికి గాయమై కుంటుతూ నడిచేవాడు. వంటింట్లో రోజంతా నిలబడే తల్లులకు ఆయన జీవితం పెద్ద ధైర్యం.

ఏడో మెట్టు: కుటుంబ ప్రార్థన చిన్నగా

పది నిమిషాలు మించకండి. ఒక పాట, రెండు చరణాలు. ఒక చిన్న పేరా, పిల్లలు చదవాలి. ఒక్కొక్కరు ఒక్క వాక్యం ప్రార్థన. పరీక్ష టెన్షన్ గురించి మా అబ్బాయి చేసే ఒక్క వాక్యంలో వాడు రోజంతా చెప్పని సంగతి బయటికొస్తుంది. భోజనానికి ముందు పెట్టుకోండి. తిన్నాక పెడితే చిన్నవాళ్లు ఒరిగిపోతారు.

ఎనిమిదో మెట్టు: సంఘ కార్యక్రమాల్లో దేనికి ఔను, దేనికి కాదు

ఇది చెప్పడానికి కొంచెం జంకుతాను, అయినా చెప్పాలి. ఆదివారం ఆరాధన, బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీస్, నెలకోసారి స్త్రీల కూటం, మధ్యలో గృహ కూటాలు. ఒక్కొక్కటీ మంచిదే. కానీ అన్నిటికీ పరుగెత్తే మనిషి ఇంట్లో బైబిలు తెరవక నెలలు గడుస్తాయి. నాకు అలా ఎనిమిది నెలలు గడిచాయి, ఆ రోజుల్లోనే అందరూ నన్ను మంచి విశ్వాసి అనేవారు.

నిర్గమకాండము 18లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనానికి తీర్పు తీరుస్తూ కూర్చున్నాడు. చేసేది దేవుని పనే. అయినా మామ యిత్రో "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్ర భోజనం లాంటి ముఖ్యమైన పనినే పన్నెండుగురు ఏడుగురికి అప్పగించారు, ప్రార్థననూ వాక్యాన్నీ విడిచిపెట్టలేక. ఆ ఏడుగురిలో ఒకడు స్తెఫను. ఒకరు పక్కకు తప్పుకుంటే ఇంకొకరి వరం బయటపడుతుంది.

కాబట్టి ఇలా చేయండి. ఆదివారం ఆరాధన, ప్రభు బల్ల వదలొద్దు. మిగతావాటి నుంచి ఒక సహవాసం, ఒక పరిచర్య ఎంచుకోండి. మీకు ఉన్న వరం దేనికి పనికొస్తుందో, మీరు లేకపోతే ఏది నిజంగా ఆగిపోతుందో చూసుకుని ఎంచుకోండి. చెప్పాపెట్టకుండా మానేయకండి, అది సంఘాన్ని నొప్పిస్తుంది. పాస్టర్ గారి దగ్గరకు వెళ్లి కూర్చుని చెప్పండి: "పాస్టర్ గారూ, సండే స్కూల్ పని మనస్ఫూర్తిగా చేస్తానండి. ఈ ఏడాది క్వయర్‌కు మాత్రం రాలేను, ఇంట్లో వాక్యానికి సమయం దొరకడం లేదు. మీరూ నా కోసం ప్రార్థన చేయండి." కారణం ఇంత సూటిగా చెబితే అర్థం చేసుకోని కాపరిని నేను చూడలేదు.

అయితే ఒకటి. మనిషి కష్టంలో వచ్చి తలుపు తడితే అది కార్యక్రమం కాదు. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉన్నా, పన్నెండేళ్ల రక్తస్రావంతో ఉన్న స్త్రీ కోసం యేసు దారిలో ఆగాడు. అలాంటి రోజున మీ పావుగంట పోతే పోనివ్వండి.

ఫోన్, నిద్ర, తప్పిపోయిన రోజులు

వాట్సాప్‌లో వచ్చిన వచనాన్ని పది గ్రూపులకు పంపడం వాక్యధ్యానం కాదు. యూట్యూబ్ ప్రసంగాలు నేనూ వింటాను, మేలు పొందాను. కానీ అవి ఇంకొకరు వండి వడ్డించినవి. మీ చేత్తో మీరు తిన్నాకే వాటి దగ్గరకు వెళ్లండి.

నిద్ర కోసి ప్రార్థనకు పెట్టడం రోజూ చేయకండి. శిష్యులకు భోజనానికి కూడా తీరిక లేనప్పుడు యేసు "కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి" అన్నాడు. ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట ప్రసంగించలేదు; నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు.

ఒకరోజు తప్పిపోతే మరునాడు మరునాటి భాగం మాత్రమే చదవండి. బాకీ తీర్చే లెక్కన రెండూ చదవబోతే మూడో రోజుకు భారమవుతుంది, నాలుగో రోజుకు మానేస్తారు. చంటిబిడ్డ తల్లికి, మంచాన పడిన అత్తమామలను చూసుకునే కోడలికి, కొన్ని నెలలు ఈ పావుగంట కూడా దొరకకపోవచ్చు. వాళ్లు ఒక్క కీర్తనను, 23వదో 121వదో, నెలంతా నోట్లో ఉంచుకుంటే చాలు. పాలిస్తూ, పక్కబట్ట మారుస్తూ చెప్పుకోవచ్చు.

పడుకునే ముందు మూడు నిమిషాలు రోజును వెనక్కి తిరిగి చూడండి. జెస్యూట్లు అనే క్యాథలిక్ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్, మన విజయవాడ లొయోలా కాలేజీకి ఉన్నది ఆయన పేరే, ఇలా రోజును పరిశీలించుకోవడాన్ని తన వాళ్లకు నేర్పాడు. ఈ రోజు దేనికి వందనాలు చెప్పాలి, ఎక్కడ తప్పిపోయాను, రేపు దేనికి సహాయం అడగాలి. రాత్రి పదిన్నరకు ఇంతవరకు నాకు చేతనవుతుంది, ఇప్పుడు నిద్ర కూడా హాయిగా పడుతుంది.

ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక నోట్‌బుక్ వెతికి మొదటి పేజీలో తేదీ వేసి పెట్టండి. లెక్క రాసే ఏడు రోజులు గడిచాక, మీరు ఎంచుకున్న మూలలో బైబిలును మార్కు మొదటి అధ్యాయం దగ్గర తెరిచి ఉంచండి.